ఏడుకొండలు పేరుకి ఎవరు ఊదారు

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన రెండో మిర్చి సీజన్ అది. గుంటూరులో ఒక మెడికల్ కాలేజీ రీసెర్చ్ సెల్‌లో కొత్తగా చేరాను. పుట్టిందీ పెరిగిందీ వైజాగ్‌లో. మిర్చి యార్డు వైపు వెళ్లొచ్చిన ఆటో ఎక్కినా నాకు తుమ్ములే.

నా పని, డాక్టర్లు రాసిన పరిశోధన పేపర్లన్నీ వెతికి జాబితా చెయ్యడం. ఒకరి పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్లో ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ముందు చూసేది ఎన్ని సైటేషన్లు వచ్చాయన్న అంకెనే. పొద్దున్నే ఫోన్లో వాట్సాప్ కంటే ముందు నేనూ అదే చూసేదాన్ని.

ఊపిరితిత్తుల డాక్టర్ సుజాత మేడంకి ఆ ఏడు ప్రొఫెసర్ ఇంటర్వ్యూ. అంతకుముందు రెండుసార్లు పోయింది. ఆవిడకి బలమంతా ఒకటే పేపర్. మిర్చి యార్డు కూలీలు తడి తువ్వాలు మడిచి ముక్కుకి కట్టుకుంటే ఊపిరి మెరుగుపడుతుందని. సీజన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అదే మనుషుల చేత స్పైరోమీటర్‌లోకి ఊదించి ఊపిరి బలం కొలిచారు. మిగతా పేపర్ల సైటేషన్లన్నీ కలిపినా దీనికొచ్చిన వాటిలో సగం ఉండవు.

ఇంటర్వ్యూ ఫైల్లోకి ఫొటోలు కావాలని నేనే మేడంని యార్డుకి లాక్కెళ్లాను. ఒక మేస్త్రీ కింద కలిసి బస్తాలు మోసే జట్టుని అక్కడ ముఠా అంటారు. నేను వీడియో తీస్తున్నా. మేడం ఒకతన్ని గుర్తుపట్టి నవ్వారు.

"ఏడుకొండలూ, బాగున్నావా?"

పక్కవాళ్లు పగలబడి నవ్వారు. "ఏడుకొండలేంటి డాక్టరమ్మా! వీడు కోటయ్య. ఏడుకొండలు తమ్ముడు."

"మరి రెండోసారి ఊదింది నువ్వేగా?"

"నేనేనండి. అన్న పేరుకి ఊదా."

నాకు ఒళ్లు మండిపోయింది. "అబద్ధం ఎందుకు చెప్పావయ్యా?"

"అబద్ధమేంటి అమ్మాయిగారూ? అన్న దగ్గుతో మంచాన పడ్డాడు. ముఠాలో మనిషి తగ్గితే మేస్త్రీ ఊరుకుంటాడా? ఇంట్లోంచి ఇంకొకళ్లు రావాల్సిందే. పేరు పిలిచారు, పలికా. ఊదమన్నారు, ఊదా. ఎవడివిరా అని మీరడగలేదుగా!"

మేడం మేస్త్రీని కూర్చోబెట్టి ఒక్కో పేరూ అడిగారు. అలా వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. జబ్బుపడ్డవాళ్లు ఇంట్లో ఉండిపోయారు, వాళ్ల పేర్లకి ఆరోగ్యంగా ఉన్న తమ్ముళ్లు, బావమరుదులు ఊదారు. ఊపిరి మెరుగుపడక ఏమవుతుంది!

తిరిగొస్తూ ఆటోలో అన్నాను. "వీడియో డిలీట్ చేసేస్తా మేడం. ఎవరికీ తెలీదు."

"ఉంచు. నాకే పంపు."

మర్నాడు ఆవిడ ఆ పేపర్ అచ్చేసిన వైద్య పత్రికకి ఉత్తరం రాస్తున్నారు. పేపర్ని వెనక్కి తీసుకోమని. దాన్ని రిట్రాక్షన్ అంటారు. ఇంటర్వ్యూ ఇంకా పది రోజులే ఉంది. నేను టేబుల్ మీద కొట్టినంత పనిచేశాను.

"పది రోజులాగి రాయండి మేడం! కొంపేం మునుగుతుంది? మీరు కావాలని చేసిన తప్పు కాదుగా!"

"కాదు. కానీ దీన్ని చూసి ఎవరో ఒకరు కూలీలకి మాస్కులక్కర్లేదు, తువ్వాళ్లు చాలంటారు. అన్నారో ఏమో ఇప్పటికే." ఆవిడ గొంతు పెంచలేదు. "నిన్నటిదాకా నాకు తెలీదు రమ్యా. ఇవాళ తెలుసు."

"జాబితాలోంచి తీసెయ్యనా అయితే?"

"తియ్యొద్దు. పక్కన ‘వెనక్కి తీసుకున్నాం’ అని రాయి. ఎందుకో కూడా రాయి."

రాశాను, కీబోర్డు విరిగేలా. ఆ ఏడు కూడా ప్రమోషన్ రాలేదు.

వెనక్కి తీసుకున్నాక కూడా ఆ పేపర్ సైటేషన్లు పెరుగుతూనే ఉన్నాయి. ఇదేంటని దాన్ని ప్రస్తావించిన పేపర్లని మొదటిసారి ఒక్కోటీ తెరిచి చదివా. కొందరు విషయం తెలియక ఇంకా నమ్ముతున్నారు. ఇద్దరు మాత్రం, ఊదే మనిషెవరో ప్రతిసారీ ఎందుకు చూసుకోవాలో చెప్పడానికి దీన్నే చూపించారు. అంకెలో అన్నీ ఒకటే లెక్క. అప్పట్నుంచి ఎవరి జాబితా చేసినా, ఎవరేమన్నారో చదవకుండా అంకె ఎక్కించను. పని ఆలస్యమవుతుందని మా ఆఫీసులో నాతో గొడవే. నేనూ గొడవపడతా.

తర్వాతి సీజన్‌లో మేడం ఆ పరిశోధన మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఇళ్లకే వెళ్లాం, మంచాన ఉన్నవాళ్ల దగ్గరికి కూడా. నల్లపాడు వైపు ఒక రేకుల ఇంట్లో ఏడుకొండల్ని మొదటిసారి చూశాను. గొట్టం నోట్లో పెట్టుకుని ఊదబోయి, మధ్యలోనే దగ్గుతో వంగిపోయాడు. కోటయ్య చెయ్యి చాపాడు.

"ఇటియ్యి అన్నా, నేనూదుతా."

"నువ్వు కాదయ్యా," అన్నారు మేడం. ఏడుకొండలు వీపు మీద చెయ్యేసి, దగ్గు తగ్గేదాకా ఆగారు. "మెల్లగా ఊదు నాయనా. ఎంతొస్తే అంతే రాసుకుంటాను."