ఆగని మస్తాన్ పేరు

ఎనభైల చివర్లో నరసరావుపేటలో లెక్కల మాస్టారిని. బడికొచ్చిన కొత్త కంప్యూటరు నాకప్పగించాలో లేదో హెడ్మాస్టారు ఓ రోజు నా పని చూసి తేలుస్తానన్నారు. పదిమంది పిల్లల పేర్లు వరుసగా అచ్చేసే ప్రోగ్రాం రాసి, ఆయన ముందే మీట నొక్కాను. మొదటి పేరు మస్తాన్. రెండోదీ మస్తానే. ప్రింటరు కరకరమంటూ మస్తాన్‌నే కక్కుతోంది.

"ఏందయ్యా, బళ్ళో అందరూ మస్తాన్లేనా?" అన్నారు హెడ్మాస్టారు.

ప్రోగ్రాం చూసుకుంటే, ఒక్కో పేరుకీ మళ్ళీ మళ్ళీ తిరిగే లూపు లోపల పిల్లల వరస సంఖ్యను ప్రతిసారీ నేనే మళ్ళీ ఒకటి చేస్తున్నాను. ఇక రెండో పిల్లాడి దగ్గరికి అదెట్లా పోతుంది?

"మిషను చెడింది సార్," అన్నాను. పాపం, గుంటూరు నుంచి మెకానిక్కును పిలిపించారు. అతనొచ్చేలోగా సంఖ్యను ఒకటి చేసే ఆ లైను తీసేశాను. అతనొచ్చి మిషను విప్పి బిగించి మీట నొక్కితే, పది పేర్లూ వరసగా వచ్చాయి.

"మెకానిక్కు చానా బాగా చేశాడయ్యా," అంటూ హెడ్మాస్టారు గది తాళం నా చేతికిచ్చారు.

కాగితం రోడ్డుదాకా పాకిందని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. నిజానికి నాలుగు పేజీలే. మెకానిక్కు బాగుచేసిందేమీ లేదని మాత్రం మీకే మొదట చెబుతున్నాను.