చివరి వరుసలో బాబాయి

బాబాయి పాత కారు చూడ్డానికి వెళితే ఇంజను చూడడు. టైర్లు తన్ని చూడడు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగడు. తిన్నగా వెనక తలుపు తీసి, మధ్య సీటు మడిచి, పాక్కుంటూ చివరి వరుసలోకి పోతాడు. ఆరడుగుల మనిషి. అక్కడ కూర్చుని కిందికి జారతాడు. మోకాళ్లు గడ్డానికి తగిలి, కిటికీలోంచి బట్టతల మాత్రమే కనిపించేదాకా జారతాడు. అప్పుడు లోపలినుంచి గొంతు వస్తుంది.

"ఊఁ, పోనివ్వండి."

కారు కావలసింది అతని అన్న కూతురికి. ఆమె ఆసుపత్రిలో నర్సు. మొదటిరోజే అడిగింది.

"ఇంజను చూడవా బాబాయ్?"

"అది డ్రైవరు చూసుకోవాలి. నేను కండక్టర్ని."

నిజమే. ముప్పై ఒక్క ఏళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరయ్యాడు. అయితే కారుకు కండక్టరు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అడిగే ఓపికా లేదు.

వేసవి మొదట్లో ఆమె అక్క పోయింది. బావ అంతకు రెండేళ్ల ముందే పోయాడు. పదకొండేళ్ల పిల్లవాడూ, ఏడేళ్ల పిల్లా చెరో సంచితో ఆమె ఇంటికి వచ్చారు. ఇంట్లో అప్పటికే ఆమె, భర్త, అత్తగారు, ఇద్దరు కొడుకులు. ఉన్న కారులో ఐదుగురు పడతారు. అందుకని ఎక్కడికి వెళ్లినా రెండు ట్రిప్పులు. ఎవరూ చెప్పకుండానే అక్క పిల్లలు రెండో ట్రిప్పుకు ఆగిపోయేవాళ్లు. గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. వాళ్లు ఏదీ అడిగేవాళ్లు కాదు. అన్నం చాలా అంటే చాలనేవాళ్లు. జ్వరమొచ్చినా చెప్పేవాళ్లు కాదు, ఒళ్లు తాకి తెలుసుకోవాలి.

పిల్లల మేనత్త హాస్టలు ఫారం పంపింది. నర్సు దాన్ని చింపేద్దామని తీసి చూస్తే, పెద్దవాడు తన భాగం అప్పటికే గుండ్రటి అక్షరాలతో నింపేశాడు.

"ఎందుకు రాశావురా?"

"మేం హాస్టల్లో ఉంటే మీకు ఒక్క ట్రిప్పు చాలు కదా పిన్నీ."

ఆమె ఫారాన్ని చింపకుండా మడిచి బీరువాలో పెట్టింది. బడులు తెరవడానికి నెల ఉంది. ఆ లోపల ఏడుగురూ ఒకేసారి ఎక్కే కారు, తమ తాహతుకు అందే పాత కారు, ఇంటి ముందు ఉండాలి. కార్ల సంగతి ఆమెకు తెలియదు. కరెంటు మీటర్లు చూసి బిల్లులిచ్చే ఆమె భర్తకు అంతకన్నా తెలియదు. జీవితమంతా బండి మీద గడిపినవాడు కదా, బాబాయికి తెలుస్తుందని అందరూ అనుకున్నారు.

మొదటి కారు తెల్లది. చూపించడానికి బ్రోకరు అత్తరు పూసుకుని వచ్చాడు. పాక్కుంటూ పోతున్న బాబాయిని చూసి గొంతు తగ్గించాడు.

"పెద్దాయనకి ఒంట్లో బాగుండదా అమ్మా?"

"బాగానే ఉంటుంది."

రెండు వీధులు తిరిగాక వెనకనుంచి తీర్పు వచ్చింది.

"గోడ."

"ఏం గోడ బాబాయ్?"

"గోడే. వద్దు. పదండి."

రెండోదీ గోడే. మూడోది ఆకాశం. "రోడ్డు లేదు, అంతా ఆకాశమే," అని దిగిపోయాడు. నాలుగోది అందరికీ నచ్చింది. కానీ అందులో బాబాయికి నడుము పట్టేసింది. బ్రోకరూ, నర్సు భర్తా చెరో కాలూ పట్టుకుని లాగారు. ముందు కాళ్లు వచ్చాయి, తర్వాత మనిషి, చివరికి మాట.

"గోడ."

కొడుకూ కోడలూ గుమ్మంలో చెప్పులు విడవకముందే అత్తగారు అడిగేది.

"ఇవాళ గోడా, ఆకాశమా?"

ఏడో కారు భర్త పోయినావిడది. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు చివరి సీటు మీద ఇంకా అలాగే ఉంది.

"ఆయన ఒక్కరే తిరిగేవారు. ఏడు సీట్లు ఎవరికోసం కొన్నారో నేనెప్పుడూ అడగలేదు," అందావిడ.

బాబాయి కింద ప్లాస్టిక్ కరకరలాడింది.

"గోడమ్మా," అన్నాడు లోపలినుంచి, ఎంతో మర్యాదగా. "మీ తప్పేం లేదు."

ఆవిడ తలూపింది, తనకు అర్థమైనట్టే.

పదో కారు కూడా గోడైన రోజు భర్త ఇక ఉండబట్టలేకపోయాడు.

"మీ బాబాయి తన సీటు చూసుకుంటున్నాడు. మనతో ఊళ్లు తిరగడానికి. సీట్లు ఏడు, మనం ఏడుగురం. ఆయన ఎనిమిదోవాడు. ఎవర్ని దింపేస్తాడట?"

ఆ అనుమానం ఆమెకూ ఉంది. ఫారం ఇవ్వడానికి ఇంక రెండు రోజులే గడువు.

పదకొండో కారు బూడిదరంగుది. ఎడమవైపు సొట్ట. ఏసీ వేస్తే మూలుగుతోంది. దాని గురించి గొప్పగా చెప్పడానికి బ్రోకరుకే నోరు రాలేదు. బాబాయి జారాడు. కారు కదిలింది. ఒక వీధి, రెండు వీధులు, బజారు. వెనకనుంచి గోడా రాలేదు, ఆకాశమూ రాలేదు. ఆమెకు ఓపిక చచ్చిపోయింది. కారు ఆపించి, దిగి, తనే పాక్కుంటూ చివరి వరుసలోకి పోయింది.

"ఇక చాలు బాబాయ్. పిల్లలు హాస్టలుకి పోయేదాకా ఇలాగే కూర్చుంటావా? లే."

"నువ్వు జారు."

"ఏంటి?"

"జారమ్మా. ఇంకా. నా కళ్ల దాకా రా."

కోపంతోనే జారింది.

"ఏం కనిపిస్తోంది?"

"రోడ్డు. సైకిలు. పళ్లబండి. అయితే ఏమిటట?"

"ఇప్పుడు నువ్వు ఏడేళ్ల పిల్లంత ఉన్నావు."

ఆమె అతనివైపు తిరిగింది. అతను కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

"రోడ్డు కనపడకపోతే కడుపులో తిప్పుతుంది. గోడలా అడ్డొచ్చే తలుపు చూస్తూ కూర్చున్నా అంతే, ఆకాశం చూస్తూ కూర్చున్నా అంతే. ముప్పై ఒక్క ఏళ్లు చూశాను. ముందు సీటువాళ్లు కేకేస్తారు. వెనక సీటువాళ్లు మింగేస్తారు."

చిన్నదాని సంచి వారానికి రెండుసార్లు తీగ మీద ఆరుతుండేది. ఇంకు ఒలికిందని చెప్పేది. ఆమె నమ్మేది. ఆసుపత్రిలో పొద్దున్నించి సాయంత్రం దాకా అందరి వాంతులూ ఎత్తే మనిషే ఇంట్లో పోల్చుకోలేదు.

"దానికి వాంతులవుతున్నాయా బాబాయ్?"

"నేనేం చెప్పలేదు."

"బాబాయ్."

"చెప్పనని ఒట్టేశాను. మీ అక్క కర్మ అయి వస్తున్నప్పుడు కారులో నా పక్కనే కూర్చుంది. సంచిలో కక్కుకుని జిప్పు వేసేసింది. కుళాయి దగ్గర నేనే కడిగాను. 'పిన్నికి చెప్పకు తాతా, కారు పాడుచేస్తానని ఎక్కించుకోదు' అంది. నేను చెప్పలేదు. నువ్వే కనుక్కున్నావు. అది గుర్తుపెట్టుకో, నా ఒట్టు పోకూడదు."

చాలాసేపు ఆమె ఆ ఎత్తులోనే ఉండిపోయింది.

"మరి నీ సీటు?"

"నాకెందుకూ? బస్సు పాసుంది. ఇందులో రోజూ కూర్చుంటే నన్ను మీ ఆసుపత్రిలోనే చేర్చుకోవాలి."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, లేవడం మాత్రం రాలేదు. ఇద్దరూ ఒకరికొకరు ఇరుక్కుపోయారు. బ్రోకరూ, భర్తా ఈసారి నాలుగు కాళ్లు లాగారు.

ఆ కారే కొన్నారు. హాస్టలు ఫారాన్ని నర్సు పెద్దవాడి ఎదుటే చింపింది. వాడు ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేశాడు. అడక్కుండానే వేశాడు, కానీ ఈలవేస్తూ వేశాడు.

బడులు తెరిచిన రోజు ఏడుగురూ ఒకేసారి ఎక్కారు. చిన్నది చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చుంది. దానికి రోడ్డంతా కనిపిస్తోంది. బాబాయి లెక్క ప్రకారం ఏమీ కాకూడదు. ఎనిమిదో కిలోమీటరు దాటాక వెనకనుంచి కేక వచ్చింది.

"పిన్నీ! ఆపించు! నాకు వాంతొస్తోంది! ఇప్పుడే!"

అంత గొంతు ఆ పిల్లకు ఉందని ఎవరికీ తెలియదు. కారు ఆగింది. మధ్య వరుస దిగింది. అత్తగారు చేతికర్ర వెతుక్కుంటూ దిగింది. నర్సు పిల్లను గట్టుపక్కకు తీసుకెళ్లి వీపు నిమిరింది.

"పదకొండు కార్లు చూశాం," అన్నాడు భర్త, నీళ్ల సీసా అందిస్తూ. "మీ బాబాయితో అనకు. పాపం, తట్టుకోలేడు."

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. చిన్నది పుక్కిలించి ఉమ్మింది. మూతి తుడుచుకుంది. రోడ్డు పక్కన వరుసగా నిలబడ్డ ఆరుగురినీ చూసింది.

"చూస్తారేంటి? ఎక్కండి. బడికి టైమైపోతోంది!"

ఆరుగురూ గబగబా ఎక్కారు. ఎక్కి, మళ్లీ దిగారు. చివరి వరుసలోకి ముందు ఎక్కాల్సింది చిన్నదే కదా.