జరీనక్క సబ్బునీళ్లు

టైరులోంచి గాలి తీసేటప్పుడు ఒక వాసన వస్తుంది. రబ్బరు వాసనే, కానీ చాలాకాలం మూసి ఉంచిన గది తలుపు తీసినట్టు కొంచెం తడిగా, కొంచెం తుప్పుగా ఉంటుంది. ఈరోజు ఉదయం కోవూరులో బస్సు దిగి, నేను పనిచేసే కాలేజీ గ్రంథాలయానికి నడుస్తుంటే ఒక టైర్ల అంగడి ముందు ఆ వాసన తగిలింది. లోపల యంత్రం మీద కారు చక్రం తిరుగుతోంది. ఒకాయన మీట తొక్కాడు, చొక్కా విప్పినంత తేలిగ్గా టైరు రిమ్ములోంచి ఊడివచ్చింది. అదే పనిని మోకాలితో, రెండు ఇనుప పట్టీలతో, ఆగని కబుర్లతో చేసే జరీనక్క గుర్తొచ్చి అక్కడే కాసేపు నిలబడిపోయాను.

ఇందుకూరుపేట నుంచి మైపాడు వెళ్లే రోడ్డు మీద, మా ఇంటికి ఎదురుగా ఉండేది ఆమె అంగడి. సముద్రం చూడటానికి వచ్చే కార్లూ, రొయ్యల గుంటల చుట్టూ తిరిగే బండ్లూ ఆమె దగ్గరే ఆగేవి. భర్త పెట్టిన అంగడిని ఆయన పోయాక తనే నడుపుకుంది. చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుని, కొంగు తలకు చుట్టుకుని పనిలోకి దిగితే చెయ్యి ఆగేది కాదు, నోరు అంతకన్నా ఆగేది కాదు. నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న రోజులవి. వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరైనా గేటు తీస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేదాన్ని. ఆమె మాత్రం రోడ్డు అవతలినుంచే కేకేసేది.

"ఏమ్మే, ఈరోజు పుస్తకంలో ఎవురు చచ్చినారు?"

నేను పుస్తకం వెనక ముఖం దాచుకుని నవ్వేదాన్ని. జవాబు మాత్రం చెప్పేదాన్ని కాదు.

ఒకరోజు తను పారబోసిన సబ్బునీళ్ల మీదే కాలు జారి ఆమె మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా అంగడి మూసేస్తే బండ్లన్నీ నెల్లూరు వెళ్తాయి. అక్కడి యంత్రాలకు అలవాటు పడినవాళ్లు మళ్లీ ఇటు చూడరు. అదీ ఆమె భయం. ఆ సాయంత్రమే రోడ్డు దాటి మా అమ్మ దగ్గరికి వచ్చింది.

"వదినా, నీ కూతుర్ని కొన్నాళ్లు నాకియ్యి. చేతులు దానివి, నోరు నాది."

"అది గడప దాటితే అదే పదివేలు. తీసుకుపో," అంది అమ్మ, నన్ను అడగకుండానే.

వాల్వు పిన్ను తీసి గాలంతా పోనివ్వాలి. టైరు అంచును కాలితో తొక్కి రిమ్ము నుంచి విడదీయాలి. మా వైపు ఉప్పుగాలికి రిమ్ములు తుప్పుపట్టి, ఆ అంచు జిగురు పెట్టినట్టు అంటుకుపోతుంది. అంచు జారేట్టు చుట్టూ సబ్బునీళ్లు పూసి, అప్పుడు ఇనుప పట్టీ సందులో దూర్చి ఎత్తాలి. మొదటిసారి నేను పట్టీ మీద ఒళ్లంతా వేసి లాగినా టైరు కదల్లేదు. అక్క స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

"దాంతో ఏంది గొడవ? నువ్వు ఎత్తే చోట కాదుమే, ఎదుటి పక్క చూడు. ఆడ మోకాలు పెట్టి లోపలికి దించు."

రిమ్ము నడుమ ఒక పల్లం ఉంటుంది. ఎదుటి అంచు ఆ పల్లంలోకి దిగితే ఇవతల వదులొస్తుంది. మోకాలు పెట్టాను. అంతసేపు మొండికేసిన అంచు పట్టీ వెంబడే పైకి లేచింది. ఆరోజు డైరీలో మోకాలినొప్పి గురించి పేజీ నిండా సంతోషంగా రాసుకున్నాను.

పని వచ్చింది కానీ నోరు రాలేదు. సబ్బునీళ్ల దగ్గర ఆ సంగతి బయటపడింది. మా బోరునీళ్లు ఉప్పు. సబ్బు నురగ రాదు, ఆ తడి లోపల మిగిలితే రిమ్మునూ తినేస్తుంది. అందుకని పక్కనున్న రమణమ్మ టీకొట్టు డ్రమ్ములోంచి మంచినీళ్లు అడిగి తెచ్చుకోవాలి. అక్క మొదటిరోజే చెప్పింది. ఎప్పుడూ తనే కేకేసి అడిగేది కూడా. ఒకనాడు ఆమె ఇంట్లోకి వెళ్లిన సమయంలో సబ్బునీళ్ల డబ్బా ఖాళీ అయింది. టీకొట్టు బల్లల నిండా మగవాళ్లు. నేను ఎవరినీ అడగకుండా బోరు కొట్టి నీళ్లు పట్టేశాను. సబ్బు విరిగిన పాలలా తేలింది.

అప్పుడు నా ముందున్నది శీనయ్యగారి కారు చక్రం. గుంటల వాళ్లలో పెద్దమనిషి ఆయన. ఆయన ఏ అంగడికి వెళ్తే మిగతావాళ్లూ అక్కడికే వెళ్తారు. టైరు అంచు కదలక నా పట్టీ రెండుసార్లు జారేసరికి, అప్పుడే బయటికి వచ్చిన అక్కను పట్టుకున్నాడు.

"ఏంది జరీనా, పిల్లకాయలాటా ఇది? రిమ్ము నాశనం చేసేట్టుండాది. స్టెపినీ తగిలించుకుని నెల్లూరికి పోతాలే."

అక్క డబ్బాలోకి తొంగిచూసింది. ఆమెకు అంతా అర్థమైంది. టీకొట్టు వైపు తిరిగి ఇప్పుడు కేకేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. నన్ను తిట్టలేదు, శీనయ్యగారిని బతిమాలలేదు. స్టూలు మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, నేలచూపులు చూస్తూ ఊరుకుంది. జరీనక్క ఊరుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఎవరో ఒకరు మాట్లాడాలి.

"రమణమ్మక్కా! బిందెడు మంచినీళ్లు కావాల!"

ఆ గొంతు నాదే. మరీ పెద్దగా వచ్చింది. బల్లల మీద అందరూ ఇటు తిరిగారు.

"ఓయమ్మో, దీనికి గొంతుండాదా!" అంది రమణమ్మ, గరిటె పట్టుకునే. "బిందె ఏందిమే, డ్రమ్మే తీసుకో!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నాకేమీ కాలేదు. నీళ్లు తెస్తూ శీనయ్యగారితో కూడా అనేశాను.

"యాడికో పోవడం ఎందుకు సార్, మీరు టీ తాగేలోపల అయిపోతాది."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు. ఉప్పునీళ్లు పారబోసి, రిమ్ము కడిగి, కొత్త నురగ పూసి, ఎదుటి పక్కన మోకాలు పెట్టాను. టైరు వచ్చింది. వెళ్లేముందు ఆయన అక్కతో కాదు, నాతోనే అన్నాడు.

"వెనక టైరు కూడా ఓసారి చూడుమ్మా, గాలి తగ్గినట్టుండాది."

అక్క మణికట్టు బాగయ్యేదాకా గుంటల బండ్లన్నీ మా దగ్గరికే వచ్చాయి. కట్టు విప్పిన రోజున ఆమె నన్ను పంపించేస్తూ, "నా చేతులు నాకొచ్చేసినాయి. నోరు నువ్వుంచుకో," అంది. ఇప్పుడు వెంకటాచలం దగ్గర హైవే మీద పెద్ద అంగడి పెట్టింది, యంత్రం కూడా కొంది. దాని మోతలోనే ఫోను చేసి ఈరోజు ఎవురు చచ్చినారని అడుగుతుంది. నేను కథంతా చెబుతాను. మధ్యలో తనూ కలగజేసుకుంటుంది.

ఈరోజు మధ్యాహ్నం గ్రంథాలయంలో మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతి నా బల్లకు ఎదురుగా వచ్చి నిలబడింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఏ పుస్తకం, ఏ గ్రూపు, కార్డుందా అని అడగడానికి నా నోరు సిద్ధంగానే ఉంది. ఆపుకున్నాను. తల వంచుకుని పుస్తకాలు సర్దుతూ ఊరుకున్నాను. చాలాసేపే పట్టింది.

"మేడమ్, కథల పుస్తకం కావాల!"

హాలంతా తలెత్తి చూసింది. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"ఒక పుస్తకం ఏందిమే," అన్నాను తాళంచెవి తీస్తూ, "బీరువానే తీసుకో."