వంతెన కింది పేరు

షికాగో నదిలో తిరిగే విహార పడవ మీద మైకు పట్టుకుని నిలబడీ నిలబడీ బెర్నిస్ మోకాళ్లు అరిగిపోయాయి, గొంతు బొంగురుపోయింది. ఆవలింతలు మింగుకుంటూ మేడల పేర్లు చెబుతుంది. రైలు వంతెన కిందికి రాగానే మైకు దించేస్తుంది. పైన రైలు మోతకి అక్కడ ఎవరి మాటా వినపడదు. ఆ మోతలోనే, "ఈ కంపెనీ పెట్టింది స్టాన్ గోర్స్కీ, ఒక్క చేపల పడవతో," అంటుంది. తనకు ఈ మైకు ఇచ్చిన మనిషి ఆయన. కంపెనీ కొన్న కొత్తవాళ్లు దాని చరిత్రలోంచి ఆ పేరు కొట్టేశారు.

ఇవాళ మేనేజరు కర్టిస్ పడవెక్కి ఆమె పక్కనే కూర్చున్నాడు. "ఆ ముసలాయన పేరెత్తారంటే రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు.

"నాకూ ఇంట్లో పడుకోవాలనే ఉందిలే బాబూ," అంది బెర్నిస్.

వంతెన వచ్చింది. రైలు రాలేదు. అలవాటు పడ్డ నోరు మాత్రం ఆగలేదు. "ఈ కంపెనీ పెట్టింది..." ఇనుము కింద ఆ మాట ఖంగుమంది. కర్టిస్ తలెత్తాడు. అంతలో పడవ హారన్ బొబ్బలు పెట్టింది. వంతెన దాటేదాకా ఆగలేదు.

"ఏమిటయ్యా ఆ గోల?" అని అరిచాడు కర్టిస్.

పడవ నడిపే కెప్టెన్, లూ, తన గది కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఇవాళ రైలు లేటు సార్," అన్నాడు.