కాలిపోనియ్య

వాక్కునకు అధిదేవతయైన తల్లికి మ్రొక్కి, నేల కడుపులోనికి దీపం పట్టుకొని దిగి మరల వెలుతురు చూడని వారందరికీ చేతులు జోడించి, విశ్వావసు నామ సంవత్సర శ్రావణ శుద్ధ ఏకాదశి మంగళవారం నాడు గోదావరిఖనిలోని నా ఇంటి వరండాలో కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముసురుకు తడిసిన గాలి ఈ ఉదయం కిటికీ రెక్క తీయగానే ఆ వాసనను మోసుకొని వచ్చింది. అగ్గిపుల్ల గీసి ఆర్పినప్పటి ఘాటు, తడి మన్ను కమ్మదనం, ఎక్కడో ఇనుము కాగుతున్నట్టి చేదు కలిసిన వాసన. బొగ్గు తనంత తాను రాజుకొంటున్నప్పుడు తప్ప మరెక్కడా పుట్టనిది. మూడు నెలలకు పైగా అది మా వీధిని విడువలేదు. ఒడిలోని వార్తాపత్రికలో అమెరికా దేశపు పడమటి అడవులు తగులబడుతున్న చిత్రం ఉన్నది. దాని క్రింద ఉన్న రాష్ట్రం పేరును, ఎందుకో, పైకి చదివాను. ఆ పేరును తప్పుగా వినగల మనిషి ఇంటిలో ఎవరూ లేరు.

మా నాయిన కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో సేద్యం చేసుకొనేవాడు. అక్కడ పెద్ద బడి లేనందున నన్ను ఏడవ యేట గోదావరిఖనికి, బొగ్గు బావిలో పని దొరికిన మా కాక రాజమల్లు దగ్గరకు పంపాడు. కాకకు అప్పటికి పెండ్లి కాలేదు. వండిపెట్టడానికి మా అవ్వ, అంటే నాయినకూ కాకకూ కన్నతల్లి, వచ్చి ఉన్నది. తల్లిగా వారిద్దరూ, నాయనమ్మగా నేనూ, ముగ్గురమూ ఆమెను అవ్వా అనే పిలిచేవారం. గనిని మా ప్రాంతంలో బావి అంటారు కదా. కొడుకు "బాయికి పోతున్న" అన్న మొదటి రోజున అవ్వ తోడుకొనే నీళ్ళ బావి అనుకొని కడవ చంకన పెట్టుకొని వెంట బయలుదేరిందని కాక పదిమందిలో చెప్పి నవ్వించేవాడు. "నవ్వుండ్రి బిడ్డా నవ్వుండ్రి, నీళ్ళు లేని బాయిల దిగి మీరేం తోడుతున్నరో నాకెరుకేనా?" అని అవ్వ మూతి విరిచేది.

చలికాలపు తెల్లవారుజామున వరుస వరుసల క్వార్టర్ల ముందు బొగ్గుపొయ్యిలు రాజేసేవారు. ప్రతి వాకిట లేచిన పొగ పైకి పోలేక, పొగమంచుతో కలిసి పైకప్పుల నుండి నడుము ఎత్తు దాక వ్రేలాడేది; ఎదురింటి మనిషి నడుము వరకు మాత్రమే కనబడేవాడు; ఆరవేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగు తేలేది; జొన్నరొట్టె మీద, అంబలి మీద, తలకు రాసుకొన్న నూనె మీద కూడ పొగ రుచి ఒకటి సన్నగా అంటుకొని ఉండేది. మేము ఆడపిల్లలం బొగ్గుముక్కతో అరుగుల మీద గడులు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవారం. బిళ్ళ కూడ బొగ్గే. షిఫ్టు మారినప్పుడల్లా మ్రోగే బావి కూత మా గడియారం. కూత కూసిన ప్రతిసారీ అవ్వ చేస్తున్న పనిని ఆపి, చేయి అలాగే గాలిలో నిలిపి, కూత సరియైన వేళకే వచ్చిందా అని ఆకాశం వంక చూసి, వచ్చిందని నిశ్చయించుకొన్న తరువాతనే రొట్టెను మరల తట్టేది.

ఆమె భయం ఊరికే పుట్టినది కాదు. లోపలి బొగ్గుకు గాలి తగిలి తగిలి వేడెక్కి, ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకొంటుంది. మావాళ్ళు దానిని "బొగ్గుకు జరమొచ్చింది" అనేవారు. జరమొచ్చిన చోటికి గాలి పోకుండ ఇటుకలతో అడ్డుగోడ కట్టి మూసివేసే గ్యాంగులో కాక పని చేసేవాడు. "ఒక్క ఇటుక సందున్నా సాలు, గాలి దొంగ లెక్క దూరుతది" అనేవాడు. గ్యాంగు మొత్తంలో అయిదు తరగతులు చదివినవాడు తానొక్కడే గనుక, గోడ పూర్తయిన నాడు దాని మీద సున్నంతో తారీఖు వ్రాసే పని కూడ అతనిదే. ఆ పని చేసిన రోజున ఇంటికి వచ్చి, గోళ్ళలో మిగిలిన సున్నాన్ని నాకు చూపించి, "ఇయ్యాల రాసిన" అని మురిసేవాడు.

మా బడిలో రత్నమ్మ టీచర్ అని ఉండేది. బావి ఆఫీసులో గుమాస్తా భార్య. ఆదివారం తెల్లచీర కట్టి చర్చికి, తక్కిన ఆరు రోజులు మా మొద్దు బుర్రల మీద ప్రపంచ పటం పరచడానికి. సాధారణ నామ సంవత్సరపు మాఘమాసంలో, బడి వార్షికోత్సవానికి, ఆమె ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క దేశాన్ని పంచిపెట్టింది. నాకు వచ్చినది కాలిఫోర్నియా. అది దేశం కాదని, ఒక రాష్ట్రం మాత్రమేనని టీచర్ చెప్పినా, మాకు పొలిమేర దాటిన ప్రతి ఊరూ దేశమే. ఆమె తన చేతివ్రాతతో వ్రాసి ఇచ్చిన రెండు పుటలు నాకు ఈనాటికీ అక్షరం తప్పకుండ వచ్చు: ఒక ప్రక్క అంతులేని మహాసముద్రం, ఒక ప్రక్క మంచు కప్పిన పర్వతపంక్తి, నడుమ నారింజ తోటలు, ద్రాక్ష పందిళ్ళు, పదిమంది చేతులు కలిపినా అందని మ్రాకులు, సముద్ర మట్టానికి దిగువన, మనిషి నిలువలేని వేడిలో పడి ఉన్న ఒక లోయ, అప్పుడప్పుడు ఒడలు విదిలించుకొనే భూమి, మన్నులో బంగారం ఉన్నదని విని నలుదిక్కుల నుండి పలుగూ పారా పట్టుకొని పరుగెత్తుకొని వచ్చిన జనం.

ఆ చివరి మాట దగ్గర, బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అవ్వ తలెత్తింది.

"గా దేశంల గూడ తవ్వుతరానే? పేరేందన్నవ్?"

"కాలిఫోర్నియా, అవ్వా."

"ఏందీ? కాలిపోనియ్యా?"

మా మాటలో కాలిపోనియ్య అంటే కాలిపోనివ్వను అని. పెద్దల భాషలో చెప్పాలంటే, దహింపబడనీయను అని. ముందు పళ్ళు ఊడిన అవ్వ నోట ఆ పరదేశపు పేరు మా ఊరి క్రియాపదమై కూర్చున్నది.

"అది పేరే అవ్వా. దానికి అర్థం లేదు."

"అర్థం లేని పేరు ఎవ్వలన్న పెట్టుకుంటరానే, సదువుకున్నదానివి? కాలిపోనియ్య అని ఒట్టు పెట్టుకున్న దేశం గది. తవ్వెటోళ్ళ దేశమాయె, గట్లనే పెట్టుకుంటరు. రాజిగా, ఇన్నవా?"

కాలికి గుడ్డ చుట్టుకొంటున్న కాక నా వైపు కన్ను గీటి, "ఇన్న అవ్వా. గా దేశపోన్ని ఒక్కన్ని మా గ్యాంగుల ఏసుకోమని పెద్దసార్లకు చెప్త" అన్నాడు.

నాటి నుండి అది మా ఇంటి ఆచారమైంది. కాక డ్యూటీకి గడప దాటే ముందు నేను నిలబడి ఆ దేశపు వర్ణన చదవాలి. పేరు వచ్చినప్పుడల్లా అవ్వ తానూ అనాలి. ఆ తరువాతనే సద్ది గిన్నె అతని చేతికి అందాలి. తొందరలో నేను పర్వతాలు మింగినా, నారింజలు మింగినా ఆమె పట్టించుకొనేది కాదు. పేరు మాత్రం మూడుసార్లు వినబడాలి.

వార్షికోత్సవం నాలుగు రోజులున్నదనగా టీచర్ చివర మరొక పేరా చేర్చి ఇచ్చింది. వేసవి చివర ఆ సీమలో కొండల మీదుగా వేడిగాలి వీచునని, ఒక్క నిప్పురవ్వ రాలిన చాలు, అడవులు వారాల తరబడి కాలునని, దానిని ఆపుట మానవులకు మిక్కిలి కష్టమని అందులో ఉన్నది. బడిలో ఆ పేరా వల్లించేదాన్ని. ఇంటి గడప దగ్గర దానిని విడిచివేసేదాన్ని. ఉత్సవం నాడు అవ్వ వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను నలుగురిని వెంటబెట్టుకొని వచ్చి, అందరికంటె ముందు నేల మీద కూర్చొని, నేను పేరు పలికినప్పుడల్లా ప్రక్కవాళ్ళను మోచేతితో పొడిచి, తానూ పలికింది. చివరి పేరా దగ్గరికి వచ్చాను. "వేసవి చివర" అన్నాను. ఆమె ముఖం చూశాను. అన్నీ తెలిసిన రత్నమ్మ టీచర్ ఒక వైపు, ఏమీ తెలియని అవ్వ ఒక వైపు. నా నాలుక రెంటికీ నడుమ ఇరుక్కొన్నది. "వేసవి చివర అక్కడ ద్రాక్ష పండును" అని, దండం పెట్టి దిగిపోయాను. బహుమతి జపాన్ చెప్పిన పిల్లకు వెళ్ళింది.

"లక్ష్మీ, మొన్నటిదాంక నీళ్ళ లెక్క వచ్చె గదమ్మా, ఏమైంది?" అని టీచర్ అడిగింది.

డ్యూటీ దిగి వచ్చి జనం వెనుక నిలబడి విన్న కాక మాత్రం కనిపెట్టాడు. "ద్రాక్ష అనంగనే మీ టీచర్ మొకం సూసినవా? పచ్చి సింతకాయ కొరికినట్టు వెట్టింది. లాస్టుకేదో మింగినవ్ లచ్చీ, గా కాగితం తెస్తవా?" కాగితం తెచ్చి ఇచ్చాను. అక్షరాల క్రింద వేలు జరుపుకొంటూ, పెదవులు కదుపుతూ, నిదానంగా చదివాడు.

"ఆడ గూడ గాలే పాడుజేస్తున్నదా!" అన్నాడు. కాగితాన్ని మడిచి, "గంత అడవికి గోడ ఎవ్వడు కడ్తడే, పాపం" అన్నాడు.

"గట్లయితే మనం చదివేది అబద్ధం గదా, కాకా?"

"అబద్ధమే. అవ్వకు చెప్పకు." లేచి వెళ్తూ వెళ్తూ వెనుకకు తిరిగి, "పొద్దుగాల గా మాట ఇంటెనే నాక్కూడ కాళ్ళు ముందలికి పడుతున్నయ్ బిడ్డా" అన్నాడు.

ఉగాది మారి వచ్చిన యేడు తంగేడు విరగబూసింది. సద్దుల బతుకమ్మ నాడు నెత్తిన పూల గోపురాలు పెట్టుకొని క్వార్టర్ల ఆడవాళ్ళంతా గోదావరి ఒడ్డుకు నడిచారు. పట్టుచీరల గరగర, గునుగు పూల రంగునీళ్ళు కారిన చేతులు, మలీద ముద్దల బెల్లం వాసన. చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తూ పాడేటప్పుడు అవ్వ వంతు వచ్చింది. "నా కొడుకును కాలిపోనియ్య ఉయ్యాలో" అని ఎత్తుకొన్నది. "ఏందవ్వా, గదెక్కడి పాట?" అని ఆడవాళ్ళు నవ్వులు. "మా లచ్చి బళ్ళె నేర్చింది, మీకేమెరుక" అని అవ్వ. అయినా నలభై గొంతులు దానిని అందుకొన్నాయి. నీటి మీద పూలు తేలిపోతుంటే నేను నోరు మాత్రం కదిపాను.

విరోధికృత్ నామ సంవత్సర ఆశ్వయుజ బహుళ సప్తమి నాడు, మొదటి షిఫ్టు ఇంకా సగంలో ఉండగా, బావి కూత వేళ కాని వేళ కూసింది. అవ్వ చేయి పిండి మీద నిలిచిపోయింది. ఆకాశం చూసింది. రొట్టెను పెనం మీదనే వదిలి, నా రెక్క పట్టుకొని పరుగెత్తింది. బావి మొగదల దగ్గర అప్పటికే వందలమంది. ఎండ నెత్తి మీది నుండి వీపు మీదికి, వీపు నుండి నేల మీదికి జారినదాక నిలుచున్నాము. అవ్వ నన్ను చదవమన్నది. సముద్రం, మంచుకొండలు, నారింజలు అని ఏడుస్తూ చదివాను. జనం వింతగా చూశారు. ఆనాడు తొందరపడలేదు, ఒక్క చెట్టును కూడ మింగలేదు.

గోడ పూర్తి చేసి తిరిగి వస్తున్నారట. మంట వాళ్ళను తాకనే లేదు. రంగూ వాసనా లేని చెడుగాలి ఎటు నుండి వచ్చిందో తెలియలేదు. ముగ్గురిని దవాఖానకు తీసుకొనిపోగా బ్రతికారు. కాక అలసి కూర్చున్నవాడు కూర్చున్నట్లే ఉన్నాడట. తెచ్చి పడుకోబెట్టినప్పుడు అతని పెదవులు, ఆ గాలి పీల్చినందున, అప్పుడే తాంబూలం వేసుకొన్నట్టు ఎర్రగా ఉన్నాయి. అవ్వ దుప్పటి తొలగించి చేతులు చూసింది, పాదాలు చూసింది, తల వంచి జుట్టు వాసన చూసింది. గోళ్ళలో సున్నం ఉన్నది.

"ఎంటిక గూడ కాల్లే" అన్నది. తరువాత నా వైపు తిరిగి, "మాట తప్పలే బిడ్డా, గా దేశం" అన్నది.

మేము నిప్పు నుండి మాత్రమే కాపాడుమని అడిగాము. గాలి మాట మా పాఠంలో లేదు. ఉన్న ఒక్క పేరాను నేనే దాచాను. అది చదివి ఉంటే ఏమి మారేదని ఈ యాభై యేండ్లు నన్ను నేను అడుగుకొంటూనే ఉన్నాను. ఏమీ మారేది కాదు. ఆ సమాధానంలో కూడ ఊరట లేదు. అవ్వ మళ్ళీ ఎన్నడూ ఆ పాఠం చదవమనలేదు. నాయిన ఆమెను పల్లెకు తీసుకొనిపోయాడు. నేను టీచర్ ఇంటిలో ఉండి చదువు ముగించి, తరువాత ప్రాచ్యభాషా కళాశాలలో చేరి, ప్రబంధాలలోని సముద్ర వర్ణనలు, పర్వత వర్ణనలు పిల్లలకు చెప్పి బ్రతికాను.

ఆ క్వార్టర్లు లేవు. బొగ్గుపొయ్యిలు లేవు, నడుము వరకే కనబడే ఎదురింటి మనిషి లేడు, తంగేడు కోసుకొన్న గుట్ట లేదు, పాత బావి మూతబడి కూత ఎప్పుడో ఆగింది. ఇప్పుడు నేలను పైనుండి విప్పి, ఆనాటి సొరంగాల దాక తవ్వుతున్నారు. అక్కడ యంత్రం నడిపే శంకర్ మా ప్రక్కింటి పిల్లవాడు. చైత్రమాసంలో ఒక సాయంత్రం గేటు దగ్గర బండి ఆపి అడిగాడు: "అమ్మా, తెలుగు టీచర్‌వి గదా, ఒకటి చెప్పు. లోపల పాత గోడొకటి బయటికి ఎల్లింది. సున్నంతోటి తారీఖు రాసుంది. దాని కింద కాలిపోనియ్య అని రాసుంది. గదేం రాతమ్మా?"

గేటు తీసుకొని బండి దగ్గరకు వెళ్ళాను. "ఆ గోడను ఉంచరాదా, శంకర్?"

"ఎట్ల ఉంచుతరమ్మా? బొగ్గంత దాని ఎనుకనే ఉండె" అన్నాడు జాలిగా.

విశ్వావసు చైత్ర బహుళ తదియ నాడు ఆ గోడను తీసివేశారు. గాలి తగిలిన నాలుగవ రోజున దాని వెనుకనున్న బొగ్గు అంటుకొన్నది. ఈ రోజుకు ఇంకా కాలుతూనే ఉన్నది.