అరచేతి కింది మరక

నా చిన్నప్పుడు నాకు అన్నిటికంటే ముందు అబ్బిన విద్య ఎదుటివాళ్ల సరుకును తక్కువ చేసి మాట్లాడటం. అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. రాయచూరు బజారులో మాది బట్టల దుకాణం. ముందు గది దుకాణం, వెనక గదులు ఇల్లు, మధ్యలో ఒక తెర. ఆ తెర పక్కన పెరిగిన పిల్లకు బేరం ఒకరు నేర్పాల్సిన పనిలేదు. కూరగాయలామె గంప దించకముందే నేను వంకాయల్లో పుచ్చు వెతికేదాన్ని. పుచ్చు లేకపోతే రంగు బాగాలేదనేదాన్ని. రంగు కూడా బాగుంటే, ఇంత మెరుస్తున్నాయంటే ఏదో మాయ ఉందనేదాన్ని. మా అమ్మ సిగ్గుపడి లోపలికి వెళ్లిపోయేది. మా తాతయ్య మాత్రం వినీ విననట్టు మీసం దువ్వుకునేవాడు. ఇప్పటికీ నేను వీధి మలుపు తిరిగానంటే పండ్ల బండి అబ్బాయి ముందుగానే ఒక నిట్టూర్పు విడిచి పెట్టుకుంటాడు.

నాది కొనే విద్య అయితే మా తాతయ్యది అమ్మే విద్య. తెల్లగుడ్డ పరిచిన గద్దె మీద కూర్చుని, వచ్చినవాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడేవాడు. మస్కివాళ్లతో కన్నడం, కోట వైపు నుంచి వచ్చే బేగంలతో ఉర్దూ, యాపలదిన్ని రైతులతో మా తెలుగు. ముందుగా వాళ్లకు నచ్చదని తనకు తెలిసిన చీర విప్పేవాడు. తర్వాత వాళ్లకు అందనిది విప్పేవాడు. తాను అమ్మాలనుకున్నది మూడోది. అది విప్పుతూ విప్పుతూ, "మొదటి ఉతుకుల జర రంగు దిగుతది, నేనే జెప్తున్న" అని తన సరుకు మీద తానే ఒక చిన్న నింద వేసేవాడు. ఆ ఒక్క నిజంతో మిగతా మాటలన్నీ నిజమైపోయేవి.

నేతలో పోగు తెగిన చోటో, అద్దకం మరకో ఉంటే, చీరను సవరిస్తున్నట్టుగా ఆయన అరచెయ్యి సరిగ్గా అక్కడికే వెళ్లి కూర్చునేది. ఇందులో మోసం లేదని మా బజారు నమ్మకం. ఎందుకంటే దానికొక కట్టుబాటు ఉంది. కొనే మనిషి "చెయ్యి తియ్" అంటే తియ్యాల్సిందే. ఒక్క మాట చెప్పకుండా, ముఖం మాడ్చుకోకుండా తియ్యాలి. అడగనివాళ్లది వాళ్ల ఖర్మ.

ఆ వేసవిలో నా ఏడో తరగతి అయిపోయింది. మా అన్నయ్య అప్పటికే హైస్కూల్లో ఉన్నాడు. బడి సంచి తెర పక్కన మేకుకు వేలాడుతూ ఉండేది. నేనూ అలాంటి సంచి ఒకటి వేలాడదీస్తానని, మేకు కూడా చూసి పెట్టుకున్నాను. అంతలో తాతయ్యకు ఒక వ్యాసం దొరికింది.

హైదరాబాదు నుంచి రైల్లో వచ్చే తెలుగు వారపత్రిక ఆయనకు ప్రాణం. అచ్చులో ఉన్నదేదైనా ఆయనకు కొంచెం దేవుడి మాటలా ఉండేది. ఆ వారం ఎవరో పెద్దమనిషి, వ్యాపారస్తుల ఇళ్లలో ఆడపిల్లల చదువు ఎంతవరకు ఉండాలి అని రాశాడు. ఏడో తరగతి వరకు చాలునన్నది ఆయన తీర్పు. తాతయ్య దాన్ని భోజనాల తర్వాత అందరికీ చదివి వినిపించాడు. మా నాన్న తల దించుకుని విన్నాడు. ఆయన తన తండ్రి ముందు తల ఎత్తినది నేనెప్పుడూ చూడలేదు.

"బడి తెరుస్తరు గదా, అప్పటిదాక ఆలోచన జేద్దాం" అన్నాడు తాతయ్య. గిరాకీ చీర కొనకుండా "మళ్లొస్తం" అన్నప్పుడు దాని అర్థం మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

నాకు తెలిసిన విద్య నేను ప్రయోగించాను. ఆ రాసినాయనకు బుద్ధి లేదన్నాను. ఆయన తెలుగు బాగాలేదన్నాను. చివరికి పత్రిక కాగితం కూడా నాసిరకమన్నాను. తాతయ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

"గివి వంకాయలు గావు బిడ్డా" అన్నాడు.

ఆ నవ్వు నన్ను తిట్టుకంటే ఎక్కువ బాధ పెట్టింది. పత్రిక పట్టుకుని మిద్దెక్కాను. మా మిద్దెకూ పక్కింటి మిద్దెకూ మధ్య మోకాలెత్తు గోడ. పక్కింట్లో అద్దెకుండేవాళ్లు గుంతకల్లు వైపువాళ్లు. తండ్రికి రైల్వేలో పని. కూతురు మా ఊళ్లోనే కాలేజీలో బి.ఎ. చదివేది. నాకు పక్కింటి అక్క. మధ్యాహ్నం పూట వడియాలకు కాపలాగా, ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో కాకుల్ని తోలే కర్ర పెట్టుకుని మెట్ల నీడలో కూర్చునేది. ఆ నీడ ఇద్దరికి సరిపోయేది కాదు. తాను కొంచెం ఎండలోకి జరిగి నాకు చోటిచ్చేది. ఆ జరగడం ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

అక్క వ్యాసాన్ని నిదానంగా చదివింది. మళ్లీ చదివింది. నేను తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను.

"బాగా రాసినాడే" అంది.

నాకు వడియాలన్నీ కాకులకు వేసెయ్యాలనిపించింది.

"కోపం తరువాత. ఆయన ఏమన్నాడో చెప్పు ముందు."

"ఆడపిల్లలు సదువొద్దన్నడు."

"అట్లనలేదు. చూడు. డాక్టర్లయ్యే పిల్లలు ఉండాల అన్నాడు. ఏ ఇళ్లకు వద్దన్నాడు, యాడి దాకా చాలన్నాడు, అది చెప్పు. ఆయనే ఈడ కూర్చుని వింటే, అవును తల్లీ, నేనన్నది అదే అని తల ఊపాల."

వాళ్ల కాలేజీలో ఒక మాస్టారు ఇలాంటి వ్యాసాలే ఇచ్చేవారట. బాగుందో లేదో మీరు నాకు చెప్పొద్దు, అది ఎలా కట్టారో చెప్పండి అనేవారట. రాసినాయన చెప్పదలచిన మాట ఏది, దాని కింద ఊతంగా ఏమేం పెట్టాడు, ఎవరైనా కాదంటారని ఊహించి ముందే ఏం జవాబిచ్చాడు, చివరి మాట ఆ ఊతం మీద నిలుస్తుందా, లేక దాన్ని దాటి గాల్లోకి పోయిందా, ఇవి చూడాలట. ఇదేం చదువో నాకు అర్థం కాలేదు. వంకాయ కొనకుండా, అది చెట్టుకు ఎట్ల కాసిందో చెప్పే చదువా అని అడిగాను. అక్క ఎంత నవ్విందంటే ఒక కాకి ఆ సందులో వడియం ఎత్తుకుపోయింది.

నవ్వు ఆపి, కర్ర పక్కన పెట్టి, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "ఈ పొద్దు నువ్వు కొనేదానివి కాదు, అమ్మేదానివి. ఈ వ్యాసం నాకు అమ్ము" అంది. వెంటనే గొంతు మార్చి, సింధనూరు కాలువ కింద వరి పండించే కోస్తా ఆసామి భార్యలాగా, "ఏవండీ షావుకారుగారూ, మంచి రకం ఉంటే చూపించండి, మళ్లీ బస్సెళ్లిపోద్ది!" అంది.

అమ్మమంటే మా రక్తం ఊరుకోదు. చాప మీద పత్రిక పరిచాను. తాతయ్యలా బాసిపట్లు వేసుకుని కూర్చున్నాను. రాసినాయన లాగానే మొదలుపెట్టాను. వ్యాపారస్తుల ఇల్లంటే దుకాణం ఒక్కటే కాదమ్మా, అది ఇంటిల్లిపాది చేతుల మీద నిలబడుతుంది అన్నాను. వ్యాపారం గద్దె మీద వస్తుంది గాని బడిలో రాదు అన్నాను. ఆయనెరిగిన ఒక ఇంట్లో బాగా చదివిన అమ్మాయి దుకాణం ముఖం చూడకుండా పోయి, ఇల్లు ఎలా కుంగిందో కళ్ల నీళ్లొచ్చేట్టు చెప్పాను. అట్లని చదువుకు మేం శత్రువులం కాము, డాక్టరమ్మలు కావాలె అని, తాతయ్య రంగు దిగుతుందన్నట్టే, నా సరుకు మీద చిన్న నింద నేనే వేసుకున్నాను. కాబట్టి మన ఇళ్లకు ఏడో తరగతి చాలు అని మడత పెట్టి చేతికిచ్చాను.

"కట్టేయండి, తీసుకుంటా" అంది అక్క.

నాకు ఏడుపొచ్చింది. అమ్ముడుపోయింది సరుకు కాదు, నేనే. నా మాట నేనే నమ్మేశాను. నన్ను బడికి పంపకపోవడమే న్యాయమని ఒక క్షణం నిజంగా అనిపించింది.

అక్క నన్ను దగ్గరికి తీసుకోలేదు. ఓదార్చలేదు. మా తాతయ్య అరచేతి సంగతి తనకూ తెలుసు. పత్రిక నా ఒళ్లో పెట్టి అడిగింది. "అమ్మేటప్పుడు చెయ్యి యాడ పెట్టినావు?"

వెనక్కి వెళ్లి చూసుకున్నాను. దుకాణం కూలిన ఇంటి కథ నెమ్మదిగా, రుచి చూపిస్తూ చెప్పాను. డాక్టరమ్మల మాట గొంతు పెంచి చెప్పాను. ఒక్కచోట మాత్రం గబగబా దాటేశాను. వ్యాపారం గద్దె మీద వస్తుంది గాని బడిలో రాదు అన్నచోట. ఎందుకంటే కొనే మనిషి అక్కడ ఒక్క నిమిషం ఆగితే అడగాల్సిన ప్రశ్న ఒకటే. మరి మగపిల్లల్ని ఎందుకు పంపుతున్నారు? ఆయన కూడా అక్కడే గబగబా దాటాడు. రెండు వాక్యాలు కూడా లేవు. నా చెయ్యీ ఆయన చెయ్యీ ఒకే మరక మీద ఉన్నాయి.

"ఇంకోటి కూడా ఉంది. ఒక్క పిల్లను చూపించి ఊరందరికీ కొలత తీసినాడు. కానీ రెండూ ఒకేసారి పరచొద్దు" అంది అక్క. "దొరికింది కదా అని ఆయన్ను తిట్టొద్దు. ముందు ఆయన మాట సక్రమంగా చెప్పు. చెయ్యి తీసినాక మాట్లాడొద్దు."

నోరు మూసుకోమన్న ఆ చివరి మాటే నాకు అన్నిటికంటే కష్టమైనది.

మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేదు. తాతయ్య గద్దె మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎదురుగా కూర్చుని పత్రిక తెరిచాను. రాసినాయన చెప్పింది ఆయన చెప్పిన వరుసలోనే చెప్పాను. వెక్కిరింపు లేదు. తాతయ్య నిటారుగా కూర్చున్నాడు.

"మంచిగ అర్థం జేస్కున్నవ్ బిడ్డా" అన్నాడు. గొంతులో అనుమానం కూడా ఉంది. నేను ఒకరి సరుకును మెచ్చుకోవడం ఆయనెప్పుడూ చూడలేదు.

"గీడ జూడు తాతా, డాక్టరమ్మలు గావాలె అన్నడు. మంచి మాట" అంటూ, ఇంకో చేతిని గద్దె మీద వస్తుంది గాని బడిలో రాదన్న మాట మీద వెడల్పుగా పరిచి, పత్రికను సవరిస్తున్నట్టు నిమిరి, చివరి దాకా చదివేశాను. చదవడం అయిపోయినా చెయ్యి తియ్యలేదు.

తాతయ్య చూపు నా ముఖం మీద లేదు. చేతి మీద ఉంది. జీవితమంతా ఆ పని చేసిన మనిషి.

"చెయ్యి తియ్" అన్నాడు.

తీశాను. ఆయన అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి చదివాడు. వేలు వెనక్కి తెచ్చి మళ్లీ చదివాడు. తలెత్తి తెర పక్కన మేకుకున్న అన్నయ్య బడి సంచి చూశాడు.

"గిది వానికి గూడ తగుల్తది గదా" అన్నాడు. నాతో అనలేదు, తనలో తాను అనుకున్నాడు.

నాలుక కొన దాకా వచ్చిన మాటల్ని పళ్లతో ఆపుకున్నాను. నా జీవితంలో నేను చేసిన పెద్ద సాహసం అదే.

అద్దాలు తీసి, "ఎవరు నేర్పిన్రే?" అన్నాడు.

"పక్కింటక్క."

"ఆ పిల్లకు గిట్ల దుకాణం వెట్టిస్తే, మేమంత తాళాలేస్కొని పోవాలె" అన్నాడు. పత్రిక చుట్టి వెనక పెట్టుకున్నాడు. రోజులు గడిచాయి. నేను ప్రతి పూటా ఆయన ముఖం చదివేదాన్ని. ఏమీ దొరికేది కాదు. అమ్మేవాడి ముఖం చదవడం అంత సులువు కాదు.

బడులు తెరిచే ముందు ఒక పొద్దున నన్ను గద్దె దగ్గరికి పిలిచాడు. హైస్కూలు పిల్లల నీలం బట్ట తానును అరలోంచి దింపి, నా నడుము నుంచి మడమ దాకా కొలిచి, దానికి ఇంకా చాలా కలిపి, కత్తెర అందుకున్నాడు. కత్తెర పడిన బట్టను వాపసు తీసుకోము అన్నది మా దుకాణంలో తిరుగులేని మాట. తెర వెనక అమ్మ గాజులు కదిలిన చప్పుడు విన్నాను. బట్ట చిరిగిన ఆ పొడుగాటి శబ్దం కంటే తీయని శబ్దం నేనింతవరకు వినలేదు. దర్జీకి చెప్పాడు, "కింద మడతలు బాగ వెట్టు. పదో తరగతి దాక పొడుగు గావాలె."

నేను మెట్లెక్కానో ఎగిరానో తెలియదు. అక్క విని, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "అయితే బేరం తెగినట్టే" అంది. అంతే.

ఆ బట్టతో కుట్టిన లంగాలో మొదటి మడత ఇంకా విప్పకముందే వాళ్ల నాన్నకు బదిలీ అయింది. సాగనంపడానికి స్టేషనుకు వెళ్లాను. ఏం చెప్పాలో తెలియక, అక్క కొన్న జామకాయల్లో పుచ్చు ఉందని చెప్పాను. అక్క నవ్వింది. రైలు కదిలాక కిటికీ ఊచ మీద ఉన్న చెయ్యి తీసి ఊపింది. మళ్లీ కనబడలేదు. గుంతకల్లు మీదుగా ఎప్పుడు వెళ్లినా ప్లాట్‌ఫారం మీద అక్క వయసు ఆడవాళ్లను చూస్తూనే ఉంటాను. ముందు యువతుల్ని చూసేదాన్ని. తర్వాత నడివయసు వాళ్లను. ఇప్పుడు ముసలమ్మలను చూస్తున్నాను.

నేను డిగ్రీ దాకా చదివి, చివరికి అదే గద్దె మీద కూర్చున్నాను. ఆ వ్యాసం రాసినాయనకు తెలిస్తే సంతోషిస్తాడేమో. మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి ఒక వ్యాసం తెచ్చింది. రచయిత తన వాదాన్ని ఎలా నిర్మించాడో విశ్లేషించాలట. "వీడిది శుద్ధ దండుగ అవ్వా, ఏం రాయాలె?" అంది. నాకు నా వంకాయలు గుర్తొచ్చాయి. ముందు అది నాకు అమ్మమన్నాను. నవ్వుతూనే అమ్మింది. బాగానే అమ్మింది. అయిపోయాక నా నోటి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "చెయ్యి యాడ పెట్టినావు?" మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. మనవరాలు వింతగా చూసింది. అది నా యాస కాదు, మిద్దె మీది యాస.

మిద్దె మీది ఆ మధ్యాహ్నం నుంచి ఏది చదివినా ముందు రాసిన మనిషి చెయ్యి ఎక్కడుందో చూస్తాను. నేను రాస్తే నా చెయ్యీ చూసుకుంటాను. ఇంతసేపూ మీకొక పాఠం గురించి చెబుతున్నట్టు పరిచాను. తాతయ్యను మెచ్చుకున్నాను, నన్ను నేను కొంచెం నిందించుకున్నాను, మీరు నమ్మేలా. ఇప్పుడు మీరు అడక్కముందే చెయ్యి తీస్తున్నాను. కింద ఉన్నది పాఠం కాదు. ఆ మెట్ల నీడలో, నా కోసం ఎండలోకి జరిగిన అక్క పక్కన ఇంకొక్క మధ్యాహ్నం కూర్చోవాలని ఉంది. ఈసారి నేను జరుగుతాను.