పటంలో దొరకని మా ఊరు

నా చిన్నప్పుడు, గని కార్మికుల లైను ఇళ్ళలో మా పక్కింటి అక్క ఉపాధ్యాయ శిక్షణ పొందుతూ మా బడికే పాఠాలు చెప్పడానికి వచ్చేది. తరగతిలో నా పక్కన కూర్చునే స్నేహితురాలికి చూపు దాదాపు లేదు. నల్లబల్ల కనిపించని పిల్లకు చదువు ఎలా వస్తుందని వాళ్ళమ్మ దిగులుపడేది. ఈసారి పాఠమూ అందకపోతే బడి మాన్పిస్తానని అక్కతో చెప్పేసింది.

అక్క ఆదివారమంతా కూర్చుని, కోలారు జిల్లా పటాన్ని వేళ్ళతో చదివేలా తయారుచేసింది. సరిహద్దుకు గోనె దారం, చేలకు రాగులు, పట్టుపురుగులు పెంచే పల్లెలకు పట్టుగూళ్ళ ముక్కలు అతికించింది. బంగారం పుట్టిన మా ఊరికి మాత్రం, రాబర్ట్‌సన్‌పేట బజారులో వెతికి తెచ్చిన బంగారు రంగు కాగితం నున్నగా అంటించింది. అది చూడగానే నాకు ఎంతో గర్వం కలిగింది.

ఆ సాయంత్రం మమ్మల్నిద్దరినీ తన ఇంటికి పిలిచి, ఎలా ఉందని అడిగింది. "శానా బాగుండాదక్కా" అన్నాను. నా స్నేహితురాలూ పటమంతా తడిమి అదే మాట అంది. కానీ ఆమె వేలు మా ఊరి మీదుగా ఆగకుండా జారిపోవడం నేను చూశాను. అంత శ్రమపడిన అక్కతో ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"బాగుండాదని మా అమ్మ కూడా చెప్పిందిలే" అని అక్క నవ్వింది. "మీరు ఇంగ నన్ను పొగడద్దండి. వేలు యాడ తప్పిపోతా ఉండాదో చెప్పండి, సరిచేస్తా."

నా స్నేహితురాలు మళ్ళీ ఒకసారి పటం తడిమింది. "మన ఊరు యాడుండాదక్కా? నాకు దొరకలే."

అక్క కళ్ళు మూసుకుని ఆ బంగారు కాగితం మీద తన వేలు నడిపి చూసింది. "కండ్లుండేవాళ్ళకే చేసినానే నేను" అంటూ ఆ మెరిసే కాగితాన్ని గోటితో లేపేసింది. దాని బదులు ఏం పెట్టాలో ఆ పిల్లనే అడిగింది. ఆమె వంటింటి డబ్బాలన్నీ తడిమి, లావుపాటి చింతగింజ ఒకటి ఏరింది.

"ఇంత పెద్దదా? జిల్లాకు పెద్దూరు మాదే అని కోలారోళ్ళు కొట్లాటకు వస్తారమ్మా."

"రానీక్కా. మన ఊరు కదా."

మరునాడు స్నేహితురాలి అమ్మ తరగతి కిటికీ బయట నిలబడి చూసింది. నా స్నేహితురాలి వేలు దారం వెంట నడిచి, రాగులు దాటి, మా ఊరి మీద ఆగింది. అక్కడి నుంచి కురుడుమలె వినాయకుడి గుడికి దారి కూడా ఎవరి సాయమూ లేకుండా చూపింది. వాళ్ళమ్మ కిటికీ దగ్గర నుంచే వెళ్ళిపోయింది. ఆ మరుసటి ఉదయం మాత్రం కూతురికి రెండు జడలు బిగించి, తానే బడికి తీసుకువచ్చింది.

పెద్దయ్యాక, మా ఇంట్లో మొదట పట్టా పుచ్చుకుని ఉపాధ్యాయురాలినైనది నేనే. తోటి ఉపాధ్యాయులు తమ పాఠాలను నా ముందు పెట్టినప్పుడు, పిల్లలు ఎక్కడ తప్పిపోతారో చూసి మెల్లగా చెప్పడం నాకు అలవాటైంది. నా పాఠంలో వాళ్ళు అలాంటి చోటు చూపినప్పుడు, ఆనాటి అక్కలా నొచ్చుకోకుండా వినడం మాత్రం నేటికీ నేర్చుకుంటూనే ఉన్నాను.